చుక్క తోడు దూరం

మా బళ్ళో ఎనిమిదో తరగతికి భూగోళం చెప్పేది నేనే. ఢిల్లీ ఎంత దూరమే అని ఏ పిల్లనడిగినా అట్లాసు మీద స్కేలు పెట్టి, అంగుళానికి ఇన్ని మైళ్ళని, ఈమధ్య కిలోమీటర్లని, గబగబా లెక్క కట్టి చెప్పేస్తుంది. మార్కులు వేస్తాను. వేయకపోతే ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. కానీ వేసిన ప్రతిసారీ లోపల ఎక్కడో చిరాకు పుడుతుంది. ఆ పిల్లల మీద కాదు, ఆ స్కేలు మీద. దానికి మా నాయనమ్మ తెలియదు కదా అని.

మా నాయనమ్మ మట్టపల్లమ్మ దూరాన్ని పెరుగన్నంతో కొలిచేది.

సూర్యాపేటలో మాది వడ్ల వ్యాపారం చేసే ఇల్లు. మా నాన్న వెంకటనారాయణ కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇవాళ మిర్యాలగూడ మిల్లు, రేపు కోదాడలో బేరం, ఎల్లుండి హాలియా. హోటల్ కూడు ముట్టడు. అందుకని ఆయన ఎక్కడికి బయల్దేరినా సద్ది కట్టాల్సిందే. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కనుక ఆ సద్ది కట్టడం, మా ఇద్దరక్కచెల్లెళ్ళను పెంచడం, ఇంటిల్లిపాదినీ తిట్టడం అన్నీ నాయనమ్మవే.

పెరుగన్నం కట్టడంలో ఓ పద్ధతి ఉంది. దగ్గరి ఊరైతే అన్నంలో పెరుగే కలిపేయొచ్చు. ఇంకొంచెం దూరమైతే సగం పాలు, సగం పెరుగు. దూరాభారమైతే కాచిన పాలే పోసి, పైన చెంచాడు పెరుగు తోడు వేస్తే చాలు. దారిలో అది నెమ్మదిగా తోడుకుని, ఆకలి వేళకు కమ్మగా తయారవుతుంది. తోడు ఎక్కువైతే ఊరు చేరేలోగా పులిసిపోతుంది. అంచేత ఏ ఊరికి ఎంత తోడో నాయనమ్మ నోటికి వచ్చు. కోదాడకు ఉత్త పెరుగు. మిర్యాలగూడకు సగం సగం. హైదరాబాదుకు చెంచాడు. తిరుపతికి చుక్క. నాన్న ఏదైనా కొత్త ఊరి పేరు చెబితే "ఎన్ని మైళ్ళు" అని అడిగేది కాదు. "చెంచాడా, చుక్కనా?" అని అడిగేది. ఆయన కూడా ఎంత అలవాటు పడ్డాడంటే, మిల్లులో ఎవరైనా బళ్ళారి ఎంత దూరమని అడిగితే "చుక్క" అని చెప్పి వాళ్ళను బిత్తరపోయేలా చేసేవాడు.

ఆమెకో నియమం ఉండేది. ఆడపిల్లను చెంచాడు తోడు దూరం దాటించి ఇవ్వకూడదు.

దాని వెనక సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు. మాకో మేనత్త ఉండేది, విజయలక్ష్మి. మేం పుట్టకముందు, నిజాం కాలంలో, ఆమెను నాందేడులో వస్త్రాల వ్యాపారం చేసే వాళ్ళకిచ్చారు. మంచి సంబంధమే. రెండేళ్ళకు ఆమెకు జ్వరం పట్టుకుంది. "అమ్మ చేతి పెరుగన్నం తినాలనుంది" అంటోందని మనిషొచ్చి చెప్పాడు. నాయనమ్మ పాలన్నంలో చుక్క తోడు వేసుకుని బయల్దేరింది. హైదరాబాదు దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. అవి యుద్ధం రోజులు. సిపాయిల బండ్లకు దారివ్వడానికి ఈ రైలును ప్రతి స్టేషన్లోనూ ఆపేశారట. రెండు రోజులకు నాందేడులో దిగేసరికి అంతా అయిపోయింది. గిన్నె మూత తీస్తే పెరుగన్నం పులిసి, పొంగి ఉందట. మూడోనాడు దాన్నే కాకులకు పెట్టి వచ్చింది. కాకులు ముట్టాయో లేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇక అసలు కథ మా అక్క కృష్ణకుమారిది. అరవై ఆరు వేసవిలో, కోదాడలో నాన్నతో కలిసి ధాన్యం బేరాలు చేసే నాగేశ్వర్ రావు గారు తన రెండో కొడుకును వెంటబెట్టుకుని పెళ్ళిచూపులకు వచ్చారు. వాళ్ళమ్మానాన్నా బదరీయాత్ర చేసొచ్చాక పుట్టాడని పిల్లాడికి బద్రీనాథ్ అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టే ఉద్యోగం ఉత్తరాదిన, ఢిల్లీలో. ఏదో విమానాల ఆఫీసులో టిక్కెట్లు రాసే పని. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరికే విమానమెక్కే వీలు కూడా ఉందట. మనిషి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మా అక్క సంగతి నేను చెప్పనక్కర్లేదు. మామూలుగా తల దువ్వుకోమంటే విసుక్కునే మనిషి, ఆ పూట మూడుసార్లు జడ విప్పి మూడుసార్లు వేసుకుంది. కాఫీ ఇచ్చి లోపలికి వచ్చాక నా చేయి పట్టుకుని, "స్వరాజ్యం, నాయనమ్మ ఒప్పుకుంటదంటవా?" అంది.

నాయనమ్మ ఎందుకు ఒప్పుకుంటుంది!

"పోరడు మంచిగున్నడు. కాదంటలేను. కని డిల్లీ అంటే చుక్క తోడుక్కూడ అందదు. గంత దూరం మేమియ్యం" అంది ముఖం మీదే.

"దూరం అనుకుంటాం గానీ దూరం లేదండీ నాయనమ్మగారూ" అన్నాడు బద్రీనాథ్. "విమానంలో రెండు గంటల పావు. పొద్దున్నే అక్కడ కాఫీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం మీ ఇంట్లో భోజనానికి కూర్చోవచ్చు."

"గాలిమోటరు ముచ్చట్లు నాకు సెప్పకు బిడ్డా. రైలు ముచ్చట్లు గిట్లనే సెప్పిండ్రు అప్పట్ల."

నాన్న గోడవైపు చూశాడు. తలుపు సందులోంచి చూస్తున్న మా అక్క కళ్ళు అప్పటికే నిండిపోయాయి. బద్రీనాథ్‌కు మాత్రం ఇవేవీ తెలియవు కదా, "ఎలా నమ్మించమంటారు చెప్పండి" అన్నాడు.

నాయనమ్మ అతణ్ణి కింది నుంచి పైకి ఓసారి చూసింది. "సరే. డిల్లీల పొద్దుగాల లేసి పాలు తోడెయ్యి. గా గిన్నె పట్టుకొని నీ గాలిమోటరెక్కి రా. పెరుగు పులవకముందు నా కాడికి తెస్తివా, పిల్లనిస్త."

"ఇదేం పందెమమ్మా! సంబంధం మాట్లాడడానికి వచ్చామా, పాలు పొయ్యడానికి వచ్చామా?" అన్నారు నాగేశ్వర్ రావు గారు, నవ్వాలో కోప్పడాలో తెలియక.

బద్రీనాథ్ మాత్రం నవ్వలేదు. "తెస్తానండీ" అన్నాడు. ఆ మాటతో నాకు అతనంటే ఇష్టం కలిగింది. ఢిల్లీలో ఉద్యోగం చేసేవాడు ఒక ముసలమ్మ పెరుగు మాటను పట్టించుకున్నాడంటే చిన్న సంగతి కాదు.

అన్నట్టే మే నెలాఖర్లో వస్తున్నట్టు కబురు పంపాడు. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు. మిట్టమధ్యాహ్నం నుంచి నాయనమ్మ ఎండను కూడా లెక్కచేయకుండా అరుగు మీద కూచుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రతి బస్సు హారనుకూ అక్క వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం దాటింది. ఎండ వాలింది. వీధిలో నీళ్ళు చల్లారు. దీపాలు పెట్టే వేళకు బద్రీనాథ్ వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము, ముందు భాగమంతా పెరుగు మరక. చేతిలో స్టీలు డబ్బా.

"విమానం రెండు గంటల పావుకే దించిందండీ" అన్నాడు, ఇంకా అరుగు ఎక్కకముందే. పాపం, గొంతు ఎండిపోయి ఉంది. "బేగంపేట నుంచి ఇక్కడికే ఏడు గంటలు పట్టింది. నార్కట్‌పల్లి దగ్గర ఇంజన్లో నీళ్ళు మరిగిపోయాయి. నకిరేకల్ దాటాక టైరు పేలింది. ఆ టైరు లేదు, ఈ జాకీ లేదు..."

నాయనమ్మ డబ్బా మూత తీసింది. పెరుగు విరిగి, నీరు పైకి తేలి ఉంది. వాసన నాదాకా వచ్చింది. వేలు ముంచి నాలుకకు రాసుకుని, "పులిసింది" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, "అంటే డిల్లీ దగ్గర్నే ఉన్నది, హైద్రాబాదే దూరం అంటవా?" అంది.

నాన్న పకపకా నవ్వేశాడు. నేనూ నవ్వాను. తర్వాత కొన్నేళ్ళపాటు సూర్యాపేట బస్టాండులో ఆ మాట తిరిగింది. బస్సు ఆలస్యమైతే చాలు, "డిల్లీ దగ్గర్నే, హైద్రాబాదే దూరం" అనేవాళ్ళు, అది ఎవరన్నారో తెలియకపోయినా. కానీ ఆ సాయంత్రం నాయనమ్మ నవ్వలేదు.

"నవ్వులాట కాదు. దూరమంటే దూరమే. గా దూరం ఆకాశంల ఉంటేంది, నకిరేకల్ కాడ ఉంటేంది? యాళ్ళకు చేరనోడికి రెండూ ఒక్కటే" అంది. బద్రీనాథ్ తలవంచుకున్నాడు. సంబంధం అక్కడితో ఖతం అనుకున్నాం అందరం.

అప్పుడు మా అక్క వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతిలో కంచం, కంచంలో అన్నం. అందరి ముందూ, పెళ్ళికొడుకు ముందు కూడా, నేల మీద చక్కగా మఠం వేసుకుని కూచుంది. డబ్బా తీసి ఆ పెరుగంతా అన్నంలోకి ఒంపుకుంది. ఉప్పు వేసుకుని కలిపి తినడం మొదలుపెట్టింది. ముద్ద ముద్దకూ ముఖం ముడుచుకుపోతోంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, అయినా ఆపడం లేదు. చివరి ముద్ద దాకా తిని, కంచం వేలితో తుడిచి, "పులవలే నాయనమ్మా. బాగనే ఉంది" అంది.

మా అక్క నోరు లేని మనిషి. పుట్టి బుద్ధెరిగాక నాయనమ్మకు ఎదురు చెప్పింది అదొక్కటే, అదీ అలా చెప్పింది. నాయనమ్మ ఆమెకేసి చాలాసేపు చూసింది. లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి తనే అక్క చేయి కడిగింది.

తెల్లారి నాన్నను పిలిచి, "ముహూర్తం పెట్టించు" అంది. బద్రీనాథ్‌ను పిలిచి మాత్రం ఒక్క మాట తీసుకుంది. "దీనికి తలనొచ్చినా, జరమొచ్చినా నాకు కబురు రావాలె. అంతా అయిపోయినంక వచ్చే కబురు నాకొద్దు. గా కబురుతోటే నన్ను గాలిమోటర్ల ఎక్కించాలె. ఎక్కిస్తవా?"

"ఎక్కిస్తానండీ" అన్నాడతను.

శ్రావణంలో పెళ్ళయింది. అక్క ఢిల్లీ వెళ్ళిపోయింది. ఇల్లు ఎంత బోసిపోయిందో చెప్పను, చెప్తే మళ్ళీ ఏడుస్తాను. నాయనమ్మ మాత్రం రోజూ పొద్దున విమానం చప్పుడైతే ఆకాశంలోకి చూసేది. మా ఊరి మీదుగా పోయేది మద్రాసుకో బెజవాడకో పోయేదనీ, ఢిల్లీది ఇటు రాదనీ నేను పటం పరిచి చూపించాను. "నీ పటం నువ్వే సూసుకో" అంది.

అరవై ఎనిమిది జనవరిలో టెలిగ్రాం వచ్చింది. అక్కకు అప్పుడు ఏడో నెల. మార్చిలో కాన్పు, ఫిబ్రవరిలో పుట్టింటికి తీసుకురావాలని అనుకుంటున్నాం. ఇంతలో ఇది. కృష్ణకుమారి దవాఖానలో ఉంది, కదపకూడదన్నారు, రేపటి విమానంలో మీకు రెండు సీట్లు పెట్టించాను, బయల్దేరండి. నాన్న చదివి వినిపించాడు. నాయనమ్మ గోడ పట్టుకుని నిలబడింది. ఆమె ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది, ఆమె అప్పుడు సూర్యాపేటలో లేదు, నాందేడు స్టేషన్లో ఉంది.

మర్నాడు తెల్లారుజామున లేచి చూస్తే పొయ్యి మీద పాలు కాగుతున్నాయి.

"ఇప్పుడు సద్దేంది నాయనమ్మా? సాయంత్రానికల్లా ఢిల్లీల ఉంటం. విమానంల తిండి వాళ్ళే పెడ్తరు" అన్నాను, కొంచెం గట్టిగానే. భయంలో నాకు కోపం ఎక్కువవుతుంది.

"సద్ది కట్టకుంట బిడ్డ కాడికి ఎట్ల పోత?" అంది. చల్లారిన పాలు అన్నంలో పోసి, గరిటె కొనతో పెరుగు ముట్టించి ఒక్క చుక్క రాల్చింది.

"గంతేనా?"

"డిల్లీ ఆయె. చుక్కనే" అంది. ఎన్ని చెప్పినా ఆమె లెక్క మారలేదు. గిన్నెకు గుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకుంది.

హైదరాబాదును నమ్మేది లేదు కనుక నాన్న బస్సు మాట ఎత్తలేదు. మిల్లు లారీ తెప్పించాడు. దాన్ని నడిపే పాలకీడు సైదులుకు సంగతంతా తెలుసు. "అవ్వా, నువ్వు పరేషాన్ గాకు. ఇయ్యాళ టైరు పేలినా నేను ఆపను" అన్నాడు. ఆపలేదు కూడా. నకిరేకల్ వచ్చినప్పుడు నాయనమ్మ కళ్ళు మూసుకుంది, నార్కట్‌పల్లి దాటాక తెరిచింది. బేగంపేట చేరేసరికి విమానానికి ఇంకా బోలెడు పొద్దుంది. నాన్న రైల్లో వస్తానని చెప్పి మమ్మల్ని లోపలికి పంపాడు.

విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి బెల్టు పెట్టబోతే, "నన్ను కట్టేస్తుండ్రేందే" అంది. చాక్లెట్ల పళ్ళెం వద్దంది. భోజనం వద్దంది. గిన్నె కింద పెట్టమని ఆ అమ్మాయి ఎంత బతిమాలినా చంక దిగనివ్వలేదు. కిటికీలోంచి కిందికి చూడలేదు. పెదాలు కదుపుతూ కూచుంది, అంతే.

కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. "స్వరాజ్యం, నాందేడు ఏడున్నదే?"

భూగోళం చదువుకున్నదాన్ని కదా, పటం కళ్ళ ముందుకు తెచ్చుకున్నాను. "ఎడమపక్క ఉంటది నాయనమ్మా. ఈపాటికి దాటిపోయినట్టుంది."

"దాటినమా?"

"ఆ. ఎక్కి అరగంట దాటింది కదా."

అప్పుడు చూసింది కిందికి. మబ్బులు తప్ప ఏమీ లేవు. చాలాసేపు అలాగే చూసింది. "గప్పుడు రెండు దినాలు పోయిన" అంది. "స్టేషన్ స్టేషనుకు ఆగుకుంట పోయిన. రైలు దిగి ఉరుకుదామంటే పట్టాల మీద ఉరికి ఏడికి పోత? అరగంటల దాటే ఊరాయె. నా బిడ్డ నా కోసం సూసి సూసి పోయింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి కూచున్నాను. ఇరవై అయిదేళ్ళలో ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. నేను మేఘాల మీద విన్నాను.

ఢిల్లీలో దిగేసరికి చలి ఎముకలు కొరుకుతోంది. బద్రీనాథ్ గడ్డం పెరిగి, నిద్రలేక, గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. "నాయనమ్మగారూ, కబురు చేశాను" అన్నాడు, అప్పగించిన పని చేసిన పిల్లాడిలా. నాయనమ్మ అతని తల నిమిరి, "చేసినవ్ బిడ్డా. నడు" అంది.

మీరు కంగారు పడకండి. అక్కకు గండం గడిచింది, కదలకుండా పడుకోబెట్టారు, మార్చిలో నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. విజయలక్ష్మి అని పేరు పెట్టారు. ఇప్పుడు చెంపలు పగలగొట్టాలనిపించేంత అల్లరి చేస్తుంది. కానీ ఆ సాయంత్రం మాకు ఇవేవీ తెలియవు. దవాఖాన మెట్లెక్కుతుంటే నాయనమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. తలుపు దగ్గర ఆగిపోయింది. లోపలికి తొంగి చూడడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. నేనే ముందు చూశాను.

అక్క కళ్ళు తెరిచి ఉంది. మమ్మల్ని చూసి, "నాయనమ్మా, వచ్చినవా?" అంది.

నాయనమ్మ మంచం పక్క స్టూలు మీద కూలబడింది. అక్క నుదురు, చెంపలు, చేతులు, పాదాలు అన్నీ తడిమి చూసుకుంది. గిన్నె గుడ్డ విప్పి మూత తీసింది. తీసి అలాగే ఉండిపోయింది.

పాడైందేమోనని వంగి చూశాను. పాలు. పొద్దున పోసినవి పోసినట్టే, తెల్లగా, పల్చగా, తియ్యని వాసనతో పాలు. చుక్క తోడుకు, ఆ చలికి, పెరుగు ఛాయ కూడా లేదు.

"ఇంక తోడుకోనే లేదే!" అంది నాయనమ్మ. ఒకసారి నాకేసి, ఒకసారి గిన్నెకేసి చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. పక్క మంచం మీది పంజాబీ ఆమె ఏమైందో అని లేచి కూచుంది.

"ఆకలైతుంది నాయనమ్మా. పాలన్నమే పెట్టు, తింట" అంది అక్క.

నాయనమ్మ మూత పెట్టేసింది. గిన్నెను శాలువాలో చుట్టి, పసిపిల్లను పొదువుకున్నట్టు కడుపుకు అదుముకుని కూచుంది.

"జర ఆగు బిడ్డా, తోడుకోనీ" అంది. "ఈసారి నేనే ముందుగాల వచ్చిన."